రెండోసారి అడగాలి

నూకరత్నం ఏ ప్రశ్ననూ ఒక్కసారి అడిగి వదిలేది కాదు. మొదటిసారి అడిగేది, చెప్పింది రాసుకునేది, టీ ఇస్తే తాగి వెళ్ళిపోయేది. మూడు రోజులు ఆగి మళ్ళీ వచ్చేది. అదే సంగతిని ఇంకో వైపు నుంచి అడిగేది.

విశాఖపట్నానికి దక్షిణంగా, సముద్రం వెంబడి ఆ మందుల కంపెనీకి పదకొండు ప్లాంట్లున్నాయి. ఆమె అక్కడ ఇంటర్నల్ ఆడిట్ విభాగానికి అధికారి. ఆడిట్ అంటే డబ్బు లెక్కలే కదా అనేవాళ్ళకు ఆమె చెప్పే జవాబు ఒకటే. "డబ్బు చూసేవాళ్ళు వేరే ఉన్నారు. చేశామని రాసిన పని చేశారా లేదా, అది చూడటం నా పని."

రెండో ప్లాంట్‌లో యాసిడ్ డ్రమ్ముల పక్కన ఒక షవర్ ఉంది. ఒంటి మీద యాసిడ్ పడినవాళ్ళు పరుగెత్తి దాని కింద నిలబడాలి. వారానికోసారి దాన్ని తిప్పి చూసి, చూసినట్టు రిజిస్టరులో సంతకం పెట్టాలి. సంతకాలు ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. "ప్రతి సోమవారం చూస్తాం మేడం" అన్నాడు సూపర్‌వైజరు. ఆమె సరేనని వెళ్ళిపోయింది. గురువారం మళ్ళీ వచ్చి, అతని పిల్లల చదువుల గురించి మాట్లాడుతూ మధ్యలో అడిగింది.

"అవునుగానీ నాయనా, షవర్ తిప్పితే ఆ నీళ్ళు ఎటు పోతాయి?"

"ఎటేటి మేడం, పక్కన కాలవుంది కదా, అందులోకే."

ఆ కాలువను ఆర్నెల్ల కిందట గచ్చు వేసినప్పుడు సిమెంటుతో మూసేశారు. షవర్ ఒక్కసారి తిప్పి ఉన్నా నీళ్ళు నిలిచి అతని బూట్లు తడిసేవి. నూకరత్నం వెళ్ళి పిడి లాగింది. తుప్పు రాలింది. నీళ్ళు రాలేదు.

"మీకెలా తట్టింది మేడం?" అని ఆమె కింద పనిచేసే నలుగురు ఆడిటర్లూ అడిగారు. వాళ్ళకు ఆమె కంటే కంప్యూటర్లు బాగా తెలుసు. ఆమె కాసేపు ఆలోచించి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది. "ఆ పేజీ చూస్తుంటే ఇక్కడ ఏదో లాగింది. ఎందుకో ఆ తరవాత తెలిసింది." ఇది నేర్పే విద్య కాదని వాళ్ళు అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకునేది.

ఆ ఏడాది ఆమె నాలుగో ప్లాంట్‌కు వెళ్ళలేకపోయింది. పదకొండు చోట్లకు ఒక్క మనిషి చాలదు. అక్కడ గురునాథం అనే కార్మికుడి ముఖం మీద యాసిడ్ చిందింది. అతను షవర్ కిందికి పరుగెత్తాడు. అందులో నీళ్ళు లేవు. రెండు కళ్ళూ పోయాయి. ఆస్పత్రిలో అతని భార్య నూకరత్నాన్ని అడిగింది. "తమరు తనికీ చేసేవోళ్ళంట కదమ్మా. మా కాడికెందుకు రానేదు?"

అది రెండోసారి అడగాల్సిన ప్రశ్న కాదు.

*

ఇంట్లోనూ ఆమె పద్ధతి అదే. భర్త దాలినాయుడు పోర్టులో టగ్గు నడిపి రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ళు పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చిన మనిషి. రెండేళ్ళ కిందట గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరకుండా రోజుకో మాత్ర రాశారు. ఉప్పు మానెయ్యమన్నారు. పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోమనీ, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆలస్యం చెయ్యకుండా రమ్మనీ డాక్టరు చెప్పాడు.

నూకరత్నం ఒక రిజిస్టరు కొని గళ్ళు గీసింది. తేదీ, బరువు, మాత్ర, సంతకం. నెలకో పేజీ. రాయడం ఆయన పని. ఆదివారం ఆదివారం ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టడం ఆమె పని.

దాలినాయుడుకు ఎండుచేప లేనిదే ముద్ద దిగదు. ఆమె ఆఫీసుకు వెళ్ళాక ఫిషింగ్ హార్బరు వైపు నడిచి, పాత స్నేహితులతో పేకాడుకుని, అక్కడే తినేసి వచ్చేవాడు. బరువు పెరిగిన రోజు పాత బరువే రాసేవాడు.

"అరవై ఎనిమిదీ పాయింట్ నాలుగు. మర్నాడు అదే. ఆ మర్నాడూ అదే. ఏమండీ, మీరు మనిషా, లంగరా?"

"నిలకడైనోణ్ణే రత్నం. మీ ఆఫీసర్లకి నిలకడ నచ్చదు."

"సరే, కాటా ఎక్కండి."

కాటా అరవై తొమ్మిదిన్నర చూపించేది. ఆయన నుదురు కొట్టుకుని "దొరికిపోనానే!" అని నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళేవాడు. దొరికిన రోజు సాయంత్రం టీ ఆయన పెట్టాలి. అది వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. వారంలో నాలుగు రోజులు టీ ఆయనే పెట్టేవాడు. అల్లం దంచి, పాలు రెండు పొంగులు రానిచ్చి.

ఆమె ఫ్రిజ్ తలుపు మీద ఓడ బొమ్మ అయస్కాంతం కింద చీటీలు పెట్టేది. ఆఫీసు పద్ధతిలోనే రాసేది. 'గమనించినది: బియ్యం డబ్బాలో మాగాయ సీసా. పర్యవసానం: కాళ్ళ వాపు. సమాధానం:' అని రాసి కింద చోటు వదిలేది. సాయంత్రానికి ఆ చోటు నిండేది. 'ఆ సీసాకీ నాకూ ముఖపరిచయం కూడా లేదు. ఇట్లు, దాలినాయుడు, టగ్ మాస్టర్.'

ఒకసారి మేనకోడలి పెళ్ళికి శ్రీకాకుళం వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చారు. ఆ రెండు తేదీలకూ రిజిస్టరులో బరువు రాసి ఉంది. ఆమె చెప్పులు విడవకుండానే చూసింది. "పెళ్ళిపందిట్లో కాటా ఎక్కడ దొరికిందండీ మీకు?"

"పట్టేసిందిరా!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. అరవై మూడేళ్ళ మనిషి, గుమ్మంలో నిలబడి.

*

గురునాథం సంగతి అయ్యాక బోర్డు సమావేశం పెట్టింది. ఐదేళ్ళలో ప్రతి రిజిస్టరునూ యంత్రమే చదువుతుందనీ, ఆడిటర్లకు కొత్త నైపుణ్యాలు కావాలనీ సలహాదారులు బొమ్మలు చూపించారు. డేటా, కోడింగు, యంత్రాలతో కలిసి పనిచెయ్యడం. నూకరత్నం చివరిదాకా విని లేచింది.

"ఇవన్నీ నేర్పండి, నేనూ నేర్చుకుంటాను. ఇంకో రెండేళ్ళలో నేను రిటైరవుతాను. అనుమానపడటం వీళ్ళకు ఎవరు నేర్పుతారు?"

మూల కుర్చీలో కూర్చున్న డాక్టర్ జయకర్ అప్పుడు తలెత్తాడు. నలభై ఏళ్ళుంటాయి. మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్త. కంపెనీ డబ్బుతో మధురవాడలో ఒక ప్రయోగశాల నడుపుతున్నాడు. సమావేశం అయ్యాక ఆమె వెనకే మెట్లు దిగాడు.

"మేడం, నేర్పక్కర్లేదు. తీసుకోవచ్చు."

"ఏంటి తీసుకునేది?"

"మీకు ఇక్కడ లాగుతుందట కదా, మీ ఆడిటర్లు చెప్పారు" అని తన పక్కటెముకలు చూపించాడు. "అది ముందు తలలో మొదలవుతుంది. మీకు తెలియడానికి అర సెకను ముందే. ఆ అర సెకను నేను పట్టుకోగలను."

మూడు రోజులాగి ఆమె ప్రయోగశాలకు వెళ్ళి అదే సంగతి ఇంకో వైపు నుంచి అడిగింది. యంత్రం దేన్ని చూసి నేర్చుకుంటుంది, ఎన్నాళ్ళు పడుతుంది, విఫలమైతే ఎలా తెలుస్తుంది? జవాబులు కుదిరాయి. అంగీకార పత్రం పదహారు పేజీలూ చదివి ఇరవై రెండు చోట్ల గీత గీసింది. అన్నీ యంత్రం గురించే. ఒక్క ప్రశ్నయినా తన గురించి కాదు. ఎవరి పనిని వాళ్ళే తనిఖీ చేసుకోకూడదన్నది ఆడిటర్లకు మొదటి పాఠం. ముప్పై ఏళ్ళుగా ఆ పాఠం పాటించి, తన వైపు చూసుకోవడమే ఆమెకు అలవాటు తప్పింది.

మే నెలలో మొదలుపెట్టారు. తలకు ఒక పట్టీ కట్టి ఆమెను తెర ముందు కూర్చోబెట్టేవారు. తెర మీద రిజిస్టరు పేజీలు వచ్చేవి. కొన్ని నిజమైనవి, కొన్ని జయకర్ మనుషులు అల్లినవి. ఆమె ఏమీ చెప్పక్కర్లేదు. చూస్తే చాలు. లోపల అనుమానం లేచిన క్షణంలో తెర అంచున పసుపు దీపం వెలిగేది. పేజీ మారేది.

"ఆగండి నాయనా, ఇది ఏ ప్లాంటుది? ఒకసారి వెళ్ళి చూడాలి."

"వెళ్ళక్కర్లేదు మేడం. మాకు ఆ లాగడమే కావాలి. తరవాతి పేజీ చూడండి."

రోజుకు నాలుగు గంటలు. ఐదారు వందల పేజీలు. అనుమానం లేచేది, పేజీ మారేది. లేచేది, మారేది. ఏ డ్రమ్మునూ తట్టి చూసింది లేదు. ఏ పిడినీ లాగింది లేదు. నూట పది రోజుల్లో అరవై వేల పేజీలు దాటాయి.

ఏడో వారంలో జయకర్ అడిగాడు. "మీకు అలసటగా ఉందా మేడం?"

"లేదు. హాయిగానే ఉంది."

అది నిజం. ఆమెకు హాయిగానే ఉంది.

*

జులై చివరలో ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి దాలినాయుడు వరండాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా నుంచి ఎండుచేప వాసన వస్తోంది.

"మాత్ర వేసుకున్నారా?"

"ఓ. పొద్దున్నే."

"సరే" అని ఆమె లోపలికి వెళ్ళింది.

ఆయన కొంతసేపు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. తరవాత లేచి వచ్చి, వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాడు. "టీ నేను పెట్టాలా?"

"ఎందుకండీ, నేను పెడతాను. మీరు కూర్చోండి."

ఆదివారం రిజిస్టరు తీసింది. ఏడు రోజులూ 68.4. ఏడు టిక్కులు పెట్టింది. పేజీ శుభ్రంగా ఉందనిపించింది. ఆగస్టులో ఆయన పాదాలు ఉబ్బినట్టున్నాయని ఒకరోజు అంది. కూర్చుని కూర్చుని అలా అయ్యాయన్నాడు. రెండు దిళ్ళు ఎందుకని అడిగింది. మెడ నొప్పి అన్నాడు. డాక్టరు దగ్గరికి ఆమె రానక్కర్లేదనీ, పేకాట స్నేహితుడితో వెళ్ళి చూపించుకొచ్చాననీ అన్నాడు. "ఏమన్నాడు?" అంది. "గుర్రంలా ఉన్నావన్నాడు" అన్నాడు. ఆమెకు సంతోషం కలిగింది. జవాబు దొరికిన ప్రశ్న దగ్గరికి మళ్ళీ వెళ్ళాలని తోచలేదు. సందేహం పోయిందన్న సందేహం ఎవరికీ రాదు.

"ఈమధ్య మన ఆఫీసరుగారికి మన మీద ధ్యాస లేదు" అని ఆయన ఒకసారి ఫోనులో చెల్లెలితో అంటుంటే వింది. ఆయన ఎప్పుడూ అలాగే అంటాడు కదా అనుకుంది. ఫ్రిజ్ తలుపు మీద చీటీ లేక ఓడ బొమ్మ ఒక్కటే మిగిలింది.

ఆగస్టు ఆఖరున యంత్రాన్ని పదకొండు ప్లాంట్లకూ కలిపారు. కార్మికులు దానికి 'చిన్న మేడం' అని పేరు పెట్టారు. అనుమానం వచ్చిన చోట అది ఒక్క మాటే చూపించేది: రెండోసారి అడగాలి. ఆ మాట ఆమెదే. తొమ్మిదో రోజున అది ఏడో ప్లాంట్ రిజిస్టరులో ఒక పేజీ దగ్గర ఆగింది. రియాక్టరు మీద ఒత్తిడి వదిలే వాల్వు పరీక్షల పేజీ అది. నూకరత్నం పక్కనే నిలబడి అదే పేజీ చూసింది. ఆమెకు ఏమీ అనిపించలేదు. తేదీలున్నాయి, అంకెలున్నాయి, సంతకాలున్నాయి.

మనుషులు వెళ్ళి వాల్వు విప్పారు. లోపల గట్టిపడిన పొడితో మూసుకుపోయి ఉంది. ఆ షిఫ్టులో రియాక్టరు చుట్టూ తొమ్మిది మంది ఉన్నారు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిస్తే ఆ తొమ్మిది మందీ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు కారని ఇంజనీరు చెప్పాడు. క్యాంటీనులో మైసూరుపాకు పంచారు. "అచ్చం మీలాగే పట్టింది మేడం" అని అందరూ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పారు. ఆమె రెండు ముక్కలు కాగితంలో చుట్టి ఆయనకోసం ఇంటికి తెచ్చింది.

ఆయన ఒక ముక్క కొరికి, ఆయాసంతో ఆగి, మళ్ళీ కొరికాడు.

"ఆయాసమా?"

"ఆనందం" అన్నాడు.

ఆమె నవ్వింది.

*

సెప్టెంబరు పంతొమ్మిది పొద్దున ఆయన మంచం దిగలేకపోయాడు. మాట మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. అంబులెన్సులో ఆమె రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో మంచం మీదే బరువు చూశారు. డెబ్బై ఐదూ పాయింట్ ఎనిమిది.

డ్యూటీ డాక్టరు ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. "ఏంటమ్మా ఇది? ఇంట్లో బరువు చూడట్లేదా?"

"చూస్తున్నాం బాబూ. రోజూ." ఆమె రిజిస్టరు తెరిచి చూపించింది. "అరవై ఎనిమిదీ పాయింట్ నాలుగు."

డాక్టరు పేజీ చూశాడు, ఆమెను చూశాడు, పుస్తకం తిరిగి ఇచ్చేశాడు.

సాయంత్రం ఐదు నిమిషాలు లోపలికి రానిచ్చారు. దాలినాయుడు ముఖం మీద మాస్కు ఉంది. ఆమెను చూసి కళ్ళతోనే నవ్వాడు. మాస్కు కొంచెం జరిపాడు.

"రత్నం. ఈసారి నేనే గెలిచాను కదే."

"ఏం గెలిచారండీ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నిజంగానే అడుగుతోందని అప్పుడు అర్థమైనట్టుంది. చెయ్యి చాచి ఆమె చేతి మీద పెట్టాడు. "ఏటీ నేదులే. ఇంటికెళ్ళి కాస్త టీ తాగు" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా పోయాడు.

*

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. భీమిలి నుంచి వచ్చిన ఆడపడుచు పైడమ్మ ఒక్కతే తోడు ఉండిపోయింది. ఆమె ఐదో తరగతితో చదువు ఆపిన మనిషి. ఇల్లు సర్దుతూ మంచం పక్కన దొరికిన రిజిస్టరు తిరగేసింది.

"వదినా, ఇది అన్నయ్య బరువు రాసుకునే పుస్తకమేనా?"

"అవును పైడమ్మా. రోజూ రాసేవారు."

"ఇయాల ముప్పై కదా. అన్నయ్య పోయి పదకొండు రోజులు."

"అవును."

"మరిదేటి వదినా, ఇక్కడ నెలాఖరు దాకా రాసేసుంది?"

నూకరత్నం దగ్గరికి వచ్చి చూసింది. సెప్టెంబరు పేజీ కింది దాకా నిండి ఉంది. ఇరవై ఒకటి, 68.4. ఇరవై రెండు, 68.4. ఒకే సిరా, ఒకే ఊపు. పధ్నాలుగో తేదీ ఆదివారం తాను పెట్టిన ఆకుపచ్చ టిక్కులు పైన ఉన్నాయి. ఆ రోజు కూడా పేజీ ఇలాగే నిండి ఉండటం ఆమెకు గుర్తొచ్చింది. నిండుగా ఉంది, బాగుంది అనుకుని పుస్తకం మూసింది.

"నీ చదువంతా ఏటయిపోనాది వదినా?" అంది పైడమ్మ. తిట్టడానికి అనలేదు. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

*

మర్నాడు నూకరత్నం రిజిస్టరు పట్టుకుని మధురవాడ వెళ్ళింది. జయకర్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"దీన్ని చిన్న మేడంకి చూపించండి."

పేజీలు ఒక్కొక్కటే యంత్రం కింద పెట్టాడు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడక్కడా పసుపు గీత పడింది. ఆమె ఆకుపచ్చ పెన్ను కూడా అక్కడే ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఒక్క చోట కూడా తేడా లేదు. జూన్‌లో ఆకుపచ్చ తగ్గింది. జులై చివరి నుంచి వరస వరసంతా పసుపు. పక్కన ఆమె టిక్కులు. రెండోసారి అడగాలి. రెండోసారి అడగాలి. రెండోసారి అడగాలి.

జయకర్ ఆ పక్కనున్న కంప్యూటరులో, అనుమానం రోజు రోజుకూ ఎంత గట్టిగా లేచిందో గీసిన ఒక బొమ్మ తీశాడు. ఎక్కే గీత యంత్రానిది. దిగే గీత ఆమెది. డెబ్బై నాలుగో రోజున రెండూ ఒకదాన్నొకటి దాటాయి.

"మీకు ముందే తెలుసా?" అంది.

"దిగుతోందని తెలుసు మేడం. అలసట అనుకున్నాను. కాస్త విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ ఎక్కుతుందనుకున్నాను." అతను టేబుల్ వైపు చూస్తున్నాడు. "ఇప్పుడు తెలుస్తోంది. అనుమానం వచ్చాక మీరు వెళ్ళి చూసేవాళ్ళు. ఏదో ఒకటి తేలేది. మేము అరవై వేల సార్లు రప్పించాం, ఒక్కసారీ తేలనివ్వలేదు. ఎంత పిలిచినా పలికేవాళ్ళు లేకపోతే ఎవరన్నా పిలవడం మానేస్తారు. తల కూడా అంతే."

"అలసటగా ఉందా అని నన్ను అడిగారు."

"మీరు లేదన్నారు."

"మళ్ళీ ఎందుకు అడగలేదు?"

"మీరు చెప్తే నమ్మాను మేడం."

"నమ్మావా నాయనా" అంది. కోపం లేదు ఆ గొంతులో. పని నేర్చుకోవడానికి వచ్చినవాడితో మాట్లాడినట్టు అంది. "తిరిగి వస్తుందా అది?"

"ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. తెలీదు. రాకపోవచ్చు."

ఆమె తల ఊపింది. ఆ మాటనూ నమ్మింది.

యంత్రం కింద సెప్టెంబరు పేజీ ఇంకా ఉంది. అన్ని వరసలకూ పసుపు గీతలున్నాయి. చిట్టచివరి వరస చుట్టూ మాత్రం గీత రెండుసార్లు పడింది. జయకర్ వంగి చూశాడు.

"మేడం... ఇది మీరు చూశారా?"

"ఏది?"

"సెప్టెంబరుకి ముప్పై ఒకటో తేదీ ఉండదు."

ఆమె వంగింది. ముప్పై కింద, పేజీ అంచుకు ఆనించి, దాలినాయుడు ఇంకో వరస గీసుకుని రాశాడు. 31. 68.4. మాత్ర వేసుకున్నాను. సంతకం కూడా పూర్తిగా పెట్టాడు, టగ్ మాస్టర్ అని.

అది దొంగలెక్క రాసేవాడు చేసే తప్పు కాదు. దొరకాలనుకున్న మనిషి, ఎంత పరాకుగా చూసినా దొరికేలా పెట్టిన గుర్తు. ఆమె పధ్నాలుగో తేదీన ఈ పేజీ చూసి టిక్కులు పెట్టి మూసేసినప్పుడు ఆయన ఎదురుగా మంచం మీదే కూర్చుని ఉన్నాడు. ఆమె ముఖం వంకే చూస్తూ. వంటింటి వైపు లేవడానికి సిద్ధంగా.

నూకరత్నం అప్పుడు కూర్చుంది.

కొంతసేపటికి జయకర్ అన్నాడు. "ఆపేద్దామంటారా మేడం? యంత్రాన్ని?"

"వద్దు. ఆ తొమ్మిది మందికీ ఇళ్ళున్నాయి." కళ్ళు తుడుచుకుంది. "తరవాత ఎవరిని కూర్చోబెడుతున్నారు?"

"వేరే కంపెనీల నుంచి ఆరుగురు వస్తున్నారు. వచ్చే నెల."

"వాళ్ళకు ఏ కాగితం చూపించినా, లేచి వెళ్ళి చూసే వీలివ్వండి. డ్రమ్ము తట్టనివ్వండి. పిడి లాగనివ్వండి. రోజుకు పదే అవుతాయంటారు. పదే కానివ్వండి. నూట పది రోజులకు బదులు పదేళ్ళు పట్టనివ్వండి. ఇంకొకటి. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళను ముందు అడగండి. వీళ్ళ అనుమానం మీద బతుకుతున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమోనని."

ఈ మాటలే ఆమె రిపోర్టుగా రాసి బోర్డుకు పంపింది. అందులో తన పేరు ఆడిటరు గడిలో రాయలేదు. ఆ గడి వేరేవాళ్ళకు వదిలేసింది. తన పేరు సాక్షుల గడిలో రాసింది. రిజిస్టరును మాత్రం ఆధారంగా జత చెయ్యలేదు. దాని నకలు ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పైడమ్మ భీమిలి బయలుదేరడానికి సంచి సర్దుకుంటోంది. నూకరత్నం ఆమెను బస్సెక్కించి వచ్చి, వంటింట్లో ఒక తెల్లకాగితం తీసుకుని, ఆకుపచ్చ పెన్నుతో రాసింది.

'గమనించినది: సెప్టెంబరు 31. బరువు 68.4.

కారణం: దొరకాలని.

పర్యవసానం:'

అక్కడ ఆగింది. ఏమీ రాయకుండా ఆ వరస వదిలేసి కిందికి వచ్చింది.

'సమాధానం:'

కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద, ఓడ బొమ్మ కింద పెట్టింది. గిన్నె పొయ్యి మీద పెట్టి, అల్లం దంచి, పాలు రెండు పొంగులు రానిచ్చింది.

మూడు రోజులు ఆగి మళ్ళీ వచ్చి చూసింది. చోటు అలాగే ఉంది.